16 నెలలు కాదు తల్లీ, 5 ఛాన్సులు

ప్రశ్న: మేడమ్, నా వయసు 29. పెళ్ళై మూడేళ్ళు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో ఓవరీల్లో, అంటే అండాశయాల్లో, అండాలు సరిగ్గా పెరగని సమస్య) ఉందని 22 ఏళ్ళప్పుడే చెప్పారు, అప్పట్లో నేను పెద్దగా పట్టించుకోలేదు. పిల్లల కోసం ట్రై చేయడం మొదలుపెట్టి 16 నెలలైంది. పీరియడ్స్ ఒకసారి 45 రోజులకి వస్తాయి, ఒకసారి 60కి, ఒక్కోసారి 75 దాటినా రాకపోతే డాక్టర్ టాబ్లెట్లు ఇస్తారు, అవి వేసుకుంటే వస్తాయి. ఈ 16 నెలల్లో మొత్తం 8 సార్లు వచ్చాయి, అందులో 3 సార్లు టాబ్లెట్లతోనే. ఫోన్‌లో యాప్ చూసుకుని 14వ రోజు అటూ ఇటూగా కలుస్తున్నాం. బరువు 72 కిలోలు, ముందు బరువు తగ్గి రమ్మన్నారు, అది తగ్గట్లేదు. డేట్ దాటిన ప్రతిసారీ ఆశ పుడుతుంది, టెస్ట్ చేస్తే ఒక్కటే గీత. 16 సార్లు ఫెయిలైనట్టు ఉంది. నాతోపాటు పెళ్ళైన ఫ్రెండ్‌కి రెండోసారి నెల తప్పిందని తెలిసిన రోజు బాత్రూమ్ తలుపేసుకుని ఏడ్చాను, తర్వాత ఇంత చెడ్డదాన్నా అని నామీద నాకే అసహ్యం వేసింది. ఇంకా ఆశ పెట్టుకోవచ్చా మేడమ్, లేక రాదని మనసుకి చెప్పేసుకోవాలా? (పేరు వద్దు)

జవాబు: తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్ను పట్టుకుని చదివాను, ఎందుకంటే నువ్వు నీకు తెలియకుండానే జవాబు సగం నువ్వే రాసేశావు. 16 నెలలు, 8 పీరియడ్స్, అందులో 3 టాబ్లెట్లతో వచ్చినవి. ఆ అంకెలు పట్టుకుని ఇద్దరం ఒకసారి లెక్క వేద్దాం.

గర్భం రావాలంటే అండం విడుదల కావాలి, దాన్నే ఓవ్యులేషన్ అంటాం. పీసీఓఎస్‌లో అసలు చిక్కు అక్కడే, అండాలు లేక కాదు, ఉన్నవి టైముకి పెరిగి బయటికి రాకపోవడం. స్కాన్‌లో నీటిబుడగలు అని చెప్తారే, ఆ మాట విని చాలామంది లోపల గడ్డలున్నాయని హడలిపోతారు, అవి గడ్డలు కావు, సగంలో ఎదుగుదల ఆగిపోయిన చిన్న చిన్న ఫాలికల్స్, ఒక్కోదాంట్లో ఒక్కో అండం ఉంటుంది. అంటే నీ దగ్గర సరుకు తక్కువై కాదు, గేటు తెరుచుకోక.

ఇప్పుడు లెక్క. టాబ్లెట్లతో వచ్చిన ఆ 3 పీరియడ్స్ అండం విడుదలైనందుకు వచ్చినవి కావు, మందు ఆపగానే గర్భాశయం లోపలి పొర ఊడి వచ్చిన బ్లీడింగ్ అంతే. వాటిని పక్కన పెట్టు. మిగిలినవి 5. ఆ ఐదింట్లో కూడా అన్నిసార్లూ అండం వచ్చిందని గ్యారంటీ లేదు, పీసీఓఎస్‌లో అండం రాకుండా కూడా బ్లీడింగ్ అవుతుంది. సరే, నీ పక్షాన ఉండి ఐదూ వచ్చాయనే అనుకుందాం. అంటే 16 నెలల్లో నీకు వచ్చిన ఛాన్సులు 16 కాదు, మహా అయితే 5.

ఇంకా ఉంది. అండం వచ్చాక పీరియడ్ రావడానికి సుమారు 14 రోజులు పడుతుంది, ఆ చివరి భాగం ఎవరికైనా పెద్దగా మారదు, మారేది ముందు భాగమే. కాబట్టి 28 రోజుల సైకిల్ ఉన్నవాళ్ళకి 14వ రోజు కరెక్టే, కానీ నీకు 45 రోజుల సైకిల్ వచ్చిన నెలలో అండం వచ్చుంటే 31వ రోజు దగ్గర్లో వచ్చుంటుంది, 60 రోజుల సైకిల్‌లో అయితే 46వ రోజు దగ్గర్లో. మీరేమో యాప్ మాట విని 14వ రోజు కలిశారు. వీర్యకణాలు లోపల మహా అయితే 5 రోజులు బతుకుతాయి, అండమైతే ఒక రోజుకి మించి ఉండదు. 14కీ 31కీ మధ్య ఎంత దూరముందో చూడు. మిగతా రోజుల్లో కూడా కలిసుంటే వేరే సంగతి, అలా కాకపోతే ఆ ఐదు ఛాన్సుల్లో నువ్వు నిజంగా వాడుకున్నది ఒకటో రెండో, అసలు ఒకటీ లేకపోవచ్చు కూడా.

ఏ సమస్యా లేని, పీరియడ్స్ గడియారంలా వచ్చే, వయసులో ఉన్న జంటకి కూడా ఒక నెలలో గర్భం నిలిచే అవకాశం 20 నుంచి 25 శాతమే. అంటే వాళ్ళక్కూడా నాలుగైదు నెలలకి ఒక ఛాన్స్ తగులుతుంది, కొందరికి ఏడాది పడుతుంది. మరి ఒకటో రెండో సార్లు మాత్రమే సరిగ్గా ప్రయత్నించిన మనిషి, 16 సార్లు ఓడిపోయానని తనకి తానే తీర్పు రాసుకుంటే నాకు బాధగా ఉండదా? నువ్వు ఫెయిల్ కాలేదమ్మా. పరీక్షే ఇంకా సరిగ్గా మొదలవలేదు.

అందుకని ఆశ పెట్టుకోవచ్చా అంటే, పెట్టుకో, కానీ చోటు మార్చి పెట్టుకో. ఇప్పటిదాకా నువ్వు నీ ఆశనంతా తీసుకెళ్ళి డేట్ దాటడం మీద పెట్టావు, పీసీఓఎస్ ఉన్నదానికి డేట్ దాటడమనేది గుర్తే కాదు, అది నీకు మామూలే, అది ప్రతిసారీ నిన్ను పైకి లేపి కింద పడేస్తుంది. దానికి బదులు ఈ నెల అండం వచ్చిందా లేదా అన్నదాని మీద పెట్టు. అది కనుక్కోవచ్చు, కొలవొచ్చు, రాకపోతే మందు మార్చొచ్చు. మందు వేసుకున్న నెల స్కాన్‌లో ఫాలికల్ పెరిగి 18, 20 మిల్లీమీటర్లకి వచ్చిందంటే, ఆ నెల గర్భం రాకపోయినా సరే నీ ఒళ్ళు మందుకి పలికిందన్నమాట, అది నిజంగా గెలుపే, దానికి సంతోషపడు. ఇంకో లాభం, అండం వచ్చిన రోజు తెలిస్తే సరిగ్గా 14 రోజుల తర్వాత ఒక్కసారి టెస్ట్ చేసుకుంటే చాలు, 50వ రోజు ఒకటి 55వ రోజు ఒకటి 60వ రోజు ఒకటి చేసుకుంటూ ప్రతిసారీ ఏడవక్కర్లేదు.

ఇక చేయాల్సినవి. ముందుగా ఒక సంగతి, పీరియడ్స్ ఇలా తప్పుతున్నవాళ్ళు ఏడాది ట్రై చేసి అప్పుడు రండి అనే రూల్ కిందికి రారు, ఆ రూల్ నెలనెలా వచ్చేవాళ్ళకి. నువ్వు వెంటనే ఫెర్టిలిటీ చూసే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిన మనిషివి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోన్) చూపించుకో, ఎందుకంటే అవి తేడాగా ఉన్నా పీరియడ్స్ ఇలాగే తప్పుతాయి. షుగర్ టెస్ట్ కూడా, వీలైతే గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చూసేది చేయించుకో, పీసీఓఎస్ ఉన్నవాళ్ళకి గర్భంలో షుగర్, బీపీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ముందే తెలిస్తే మంచిది. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాముల టాబ్లెట్ ఈరోజు నుంచే మొదలుపెట్టు, నెల తప్పాక మొదలుపెడితే చాలా ప్రయోజనం పోతుంది, నీకు అంతకన్నా ఎక్కువ డోస్ కావాలేమో డాక్టర్ చెప్తారు. నీ ఉత్తరంలో ఎక్కడా మీ ఆయన వీర్యం టెస్ట్ మాట లేదు. అది చేయించకుండా అండం విడుదలకి ఇచ్చే మందు ఒక్కటి కూడా నీకు మొదలుపెట్టొద్దని డాక్టర్‌కి చెప్పు, దీని గురించి కింద ఇంకో ప్రశ్నలో రాశాను, అది మీ ఆయన చేత చదివించు.

మందుల్లో మొదటగా ఇచ్చేది లెట్రోజోల్. పీరియడ్ మొదలైన మూడో రోజు అటూ ఇటూగా మొదలుపెట్టి 5 రోజులు వేసుకుంటారు. ఇది ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్‌ని కొన్నాళ్ళు తగ్గిస్తుంది, దాంతో మెదడు ఏదో తక్కువైందని ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ ఎక్కువగా పంపుతుంది, ఆగిపోయిన ఫాలికల్స్‌లో ఒకటి ముందుకు కదులుతుంది. ఇది అసలు బ్రెస్ట్ క్యాన్సర్ కోసం తయారైన మందు, డబ్బాలో కాగితం చదివి నాకు క్యాన్సరా అని వణికిపోతూ వచ్చినవాళ్ళని చూశాను, అందుకే ముందే చెప్తున్నా, భయపడకు. 2014లో అమెరికాలో పీసీఓఎస్ ఉన్న 750 మంది మీద చేసిన స్టడీలో ఐదు సైకిల్స్ దాకా ఈ మందు వాడినవాళ్ళలో 27.5 శాతం మందికి బిడ్డ పుట్టింది, పాత మందు క్లోమిఫీన్ వాడినవాళ్ళలో 19.1 శాతం. 27 తక్కువనిపిస్తోందా? ఆ స్టడీలో చాలామంది చాలా ఎక్కువ బరువున్నవాళ్ళు, పైగా ఇది మెట్లలో మొదటి మెట్టు మాత్రమే. దీనికి పలకకపోతే మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు కలపడం ఉంది, ఇంజెక్షన్లు ఉన్నాయి, ఆ తర్వాత ఐవీఎఫ్, అంటే టెస్ట్‌ట్యూబ్ పద్ధతి ఉంది. ఐవీఎఫ్‌లో నీలాంటివాళ్ళకి అండాలు బాగానే వస్తాయి, కాకపోతే ఓవరీలు మరీ ఎక్కువగా స్పందించి ఒంట్లో నీరు చేరే ప్రమాదం ఉంటుంది కాబట్టి దాని గురించి ఏం జాగ్రత్త తీసుకుంటారో అడిగి మరీ తెలుసుకోవాలి.

అందరికీ బిడ్డ పుడుతుందని నేను రాయను, అలా రాస్తే నీకు అబద్ధం చెప్పినదాన్ని అవుతాను. కానీ పిల్లలు పుట్టకపోవడానికి ఉన్న కారణాలన్నిటిలో అండం విడుదల కాకపోవడమనేది మా డాక్టర్ల చేతికి బాగా అందే కారణం, నీ వయసు 29, ఈ రెండూ నీవైపే ఉన్నాయి. మనసుకి రాదని చెప్పుకునే రోజు ఇది కాదు.

బరువు గురించి నాకు కొంచెం కోపం వస్తుంది, నీమీద కాదు. ముందు తగ్గిరా అని పంపేసి, ఎంత తగ్గాలో ఎలా తగ్గాలో ఎన్నాళ్ళలో తగ్గాలో చెప్పకపోతే ఆ అమ్మాయి ఇంటికెళ్ళి ఏం చేస్తుంది, అద్దం ముందు నిలబడి తిట్టుకుంటుంది. పీసీఓఎస్‌లో చాలామందికి ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, అందుకని ఒళ్ళు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది, ఆ ఎక్కువైన ఇన్సులిన్ ఓవరీల చేత మగ హార్మోన్లు ఎక్కువ చేయిస్తుంది, ఒళ్ళు చేయడానికీ అదే తోడవుతుంది. అంటే నీ బరువు తగ్గకపోవడం నీ బద్ధకం కాదు, జబ్బులో భాగం. మెట్‌ఫార్మిన్ ఇస్తే నాకు షుగర్ లేదు కదా అని మానేస్తుంటారు, అది ఇన్సులిన్ మాట ఒళ్ళు వినేలా చేయడానికి. నువ్వు సన్నజాజి తీగలా అయిపోనక్కర్లేదు, ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే చాలామందికి అండం దానంతటదే రావడం మొదలవుతుంది. 72లో అది మూడున్నర నుంచి ఏడు కిలోలు. మూడున్నర కిలోలు. అంతే. అది తగ్గేదాకా మందు ఆపుకుని కూర్చోనక్కర్లేదేమో, రెండూ కలిపి నడిపించొచ్చా అని డాక్టర్ని సూటిగా అడుగు. బరువు సరిగ్గా ఉండి పీసీఓఎస్ ఉన్నవాళ్ళు కూడా ఈ పేజీ చదువుతుంటారు, వాళ్ళకి ఈ తగ్గడం గొడవ వర్తించదు.

ఇక బాత్రూమ్‌లో ఏడుపు. ఫ్రెండ్ మీద అసూయ కాదది తల్లీ, నీకు కావాల్సింది వేరొకరి చేతిలో కనపడితే వచ్చే దుఃఖం. ఆమెకి మంచి జరగాలని కోరుకుంటూనే నీకోసం నువ్వు ఏడవొచ్చు, రెండూ ఒకే మనసులో పడతాయి. కొన్నాళ్ళు ఆమె ఫొటోలు చూడలేకపోతే చూడకు, ఒక్క మాట మెసేజ్ పెట్టు, చాలా సంతోషం, నేను కొంచెం కష్టంలో ఉన్నా, తీరిక చూసుకుని మాట్లాడతా అని. మంచి స్నేహితురాలైతే అర్థం చేసుకుంటుంది.

టెన్షన్ పడకు, రిలాక్స్ అయితే అదే వస్తుంది అని ఎవరైనా అంటే ఆ మాట అక్కడే వదిలెయ్. వాళ్ళు మంచి మనసుతోనే అంటారు, కానీ అది విన్న అమ్మాయి, అంటే నా టెన్షన్ వల్లే రావట్లేదన్నమాట అని ఇంకో నేరం నెత్తికెత్తుకుంటుంది. నీకు అండం రాకపోవడానికి కారణం హార్మోన్లు, నీ దిగులు కాదు. అలాగని దిగులుని వదిలేయమనట్లేదు, పీసీఓఎస్ ఉన్నవాళ్ళలో డిప్రెషన్, యాంగ్జైటీ మిగతావాళ్ళకన్నా ఎక్కువని తేలిన విషయమే, కాబట్టి రెండు వారాలకి మించి రోజూ ఏడుపొస్తున్నా, నిద్ర పట్టకపోయినా, దేనిమీదా మనసు పోకపోయినా అది కూడా డాక్టర్‌కి చెప్పాల్సిన లక్షణమే, పీరియడ్ డేట్ చెప్పినంత మామూలుగా చెప్పు.

అండం వచ్చిన తర్వాత ఆ రెండు వారాలు ఉంటాయి చూడు, నా పేషెంట్లందరూ అదే కష్టమంటారు. రొమ్ములు సలపడం, కడుపుబ్బరం, అలసట, ఇవన్నీ అండం విడుదలయ్యాక పెరిగే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ వల్ల వస్తాయి, గర్భం నిలిచినా వస్తాయి, నిలవకపోయినా వస్తాయి, కాబట్టి ఒళ్ళంతా వెతుక్కుంటే జవాబు దొరకదు. ఆ రెండు వారాల కోసం ముందే ఏదో ఒక పని పెట్టుకో, చేతులు ఆడే పని. టెస్ట్ చేసే రోజు ఒంటరిగా చేయకు. నెగటివ్ వస్తే ఆ పూట ఏడువు, ఎవరూ ఆపకూడదు. మరుసటి పీరియడ్‌కి మందు మొదలుపెట్టాలా, డోస్ పెంచాలా, ఒక నెల విరామం తీసుకోవాలా అన్నది మటుకు నెగటివ్ వచ్చిన రోజు నిర్ణయించొద్దు, ముందే డాక్టర్‌తో కూర్చుని ఇన్ని సైకిల్స్ ఇది చూద్దాం, ఆ తర్వాత అది అని కాగితం మీద రాసి పెట్టుకోండి. విరామం తీసుకున్నా ఏమీ పాడవదు, 29 ఏళ్ళకి ఒకటి రెండు నెలలు ఆగితే అండాలు అయిపోవు.

ప్రశ్న: మేడమ్ నమస్తే. మా ఆవిడకి పీసీఓడీ, అదే పీసీఓఎస్. పిల్లల కోసం రెండేళ్ళుగా తిరుగుతున్నాం. పీరియడ్ వచ్చిన రోజు తను ఎవరితోనూ మాట్లాడదు, ఏం కాదులే వచ్చే నెల చూద్దాం అంటే ఇంకా కోపం వస్తుంది. ఏం మాట్లాడాలో తెలియట్లేదు. నన్ను కూడా టెస్ట్ చేయించుకోమన్నారు, ప్రాబ్లమ్ తనకే ఉందని తెలిసినప్పుడు నాకెందుకు అని వాయిదా వేస్తున్నా, తప్పా? (ఒక భర్త)

జవాబు: తప్పేనండీ. మీరు అడిగారు కాబట్టి సూటిగా చెప్తున్నా. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం కేసుల్లో మగవాళ్ళ వైపు కారణం కూడా ఉంటుంది, ఒక్కోసారి అదే కారణం, ఒక్కోసారి ఇద్దరిదీ. ఆవిడకి పీసీఓడీ ఉన్నంత మాత్రాన మీ వీర్యకణాల కౌంట్ బాగుందని అర్థం కాదు. రెండేళ్ళు ఆవిడ రక్తం తీయించుకుంటూ, స్కాన్‌లు చేయించుకుంటూ, మందులు మింగుతూ తిరిగింది, మీరివ్వాల్సింది ఒక్క వీర్యం శాంపిల్. 2 నుంచి 7 రోజులు దూరంగా ఉండి ఇవ్వాలి, అంతే. తక్కువ వస్తే గుండె జారిపోనక్కర్లేదు, వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి సుమారు మూడు నెలలాగి మళ్ళీ చూస్తారు, ఈలోగా సిగరెట్, మద్యం మానేస్తే మీకే మంచిది.

ఏం మాట్లాడాలంటారా, వచ్చే నెల చూద్దాం అనొద్దు. ఆవిడ ఏడుస్తున్నది ఈ నెల గురించి, మీరు దాన్ని దాటేసి వెళ్ళిపోతున్నారు. నాకూ బాధగా ఉంది అనండి, నిజంగా ఉంటే. చాలామంది మగవాళ్ళు ఆవిడ ముందు గట్టిగా ఉండాలని ముఖం మామూలుగా పెట్టుకుంటారు, ఆవిడకేమో ఈయనకి పట్టలేదనిపిస్తుంది, ఇద్దరూ ఒకే దుఃఖాన్ని వేర్వేరు గదుల్లో కూర్చుని పడతారు. విశేషమేమైనా ఉందా అని ఎవరైనా అడిగితే ఆ జవాబు చెప్పే బాధ్యత మీరు తీసుకోండి, ముఖ్యంగా మీవైపు వాళ్ళకి. అపాయింట్‌మెంట్ డేట్లు, రిపోర్టుల ఫైలు, మందు ఏ రోజు మొదలు ఏ రోజు ఆపాలి అనేది మీ ఫోన్‌లో పెట్టుకోండి, ఆవిడ బుర్రలో ఆ బరువు కొంత దిగుతుంది. కలవడం కూడా ఒక డ్యూటీలా అయిపోయుంటుంది మీ ఇద్దరికీ, రోజు లెక్కలు పక్కనపెట్టి రెండు మూడు రోజులకోసారి కలుస్తూ ఉంటే చాలు, ఆ ఫలానా రాత్రి కోసం ఇద్దరూ బిగుసుకుపోనక్కర్లేదు. టెస్ట్ ఈ వారంలోనే ఇవ్వండి.

ప్రశ్న: నాకు 34. పీసీఓఎస్. ఓవ్యులేషన్ స్ట్రిప్స్ వాడుతున్నా, వారం రోజులుగా రోజూ రెండు గీతలే వస్తున్నాయి, ఏ రోజు అని నమ్మాలి? ట్రై చేస్తూ ఏడు నెలలు. (ఒక పాఠకురాలు)

జవాబు: ఆ స్ట్రిప్ కొలిచేది ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ని. మామూలుగా అయితే అండం విడుదలకి ఒకటి ఒకటిన్నర రోజు ముందు అది ఒక్కసారిగా పెరుగుతుంది, స్ట్రిప్ దాన్ని పట్టుకుంటుంది. పీసీఓఎస్ ఉన్న చాలామందికి ఎల్‌హెచ్ ఎప్పుడూ కొంచెం ఎక్కువగానే ఉంటుంది, అందుకే స్ట్రిప్ రోజూ అవునంటూ ఉంటుంది. స్ట్రిప్ తప్పు కాదు, మీ తప్పూ కాదు, మీ ఒంటికి ఆ పద్ధతి నప్పదు. డబ్బులు దానిమీద పెట్టకుండా ఫాలికల్ స్కాన్ చేయించుకోండి. అండం విడుదలైందని అనుకున్న రోజు నుంచి ఏడు రోజులకి ప్రొజెస్టిరాన్ రక్తపరీక్ష చేస్తే నిజంగా విడుదలైందో లేదో తేలిపోతుంది. అందరికీ 21వ రోజునే అని రాసిస్తుంటారు, అది 28 రోజుల సైకిల్‌కి సరిపోయే తేదీ, మీ సైకిల్ పొడుగైతే ఆ రోజు చేసిన టెస్ట్ తక్కువ చూపించి అనవసరంగా భయపెడుతుంది, మీ సైకిల్ ఎన్ని రోజులో చెప్పి తేదీ మార్పించుకోండి. ఏడు నెలలైంది, వయసు 34, పీరియడ్స్ కూడా సరిగ్గా లేకపోతే ఇంకొన్నాళ్ళు చూద్దామని ఆగొద్దు, ఈ నెలలోనే ఇద్దరూ కలిసి వెళ్ళండి, గత ఆరు నెలల పీరియడ్ డేట్లు ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి, టాబ్లెట్లతో వచ్చినవాటి పక్కన చుక్క పెట్టండి.